పాటల పోటీలు: తీర్పరుల బాధ్యత

దీపములు పెట్టిన పిమ్మట ఏ పట్టణపు వీధిలో నడచినను నాలుగిండ్లనుండి ఒకే పాట వినవచ్చు సందర్భములు నేడు అరుదు కావు. పాడునది ఎవ్వరో ఊరుపేరెరుగని పిల్ల. పాట ఘంటసాలవారిదో, సుశీలగారిదో. పాట ముగిసిన మరుక్షణము ప్రతి యింటను ఒక చిన్న సభ తీరును. శ్రుతి జారినదని తాతగారందురు. జారలేదు, మైకు సరిగా లేదని కోడలనును. కళాశాల విద్యార్థి మాటలాడక తన ఫోనులో ఓటు వేసి కూర్చుండును. ఈ వీధిసభలను మేము తేలికగా చూడజాలము. సంగీత సభకు టిక్కెట్టు కొని పోయెడివారు పట్టణమునకు కొందరే. టెలివిజను ముందు కూర్చుండి పాట మంచిచెడ్డలను తర్కించువారు లెక్కకు మిక్కిలి. వీరి చెవి ఎట్లు తీర్చబడునో మన పాటయు అట్లే తీరును. కావున ఆ పెట్టెలో కూర్చుండి తీర్పు చెప్పువారి మాట వినోదముతో పోవునది కాదు. అది విద్య, లేదా అవిద్య.

మన భాషలో ఈ పోటీలకు ఒరవడి పెట్టినది 1996లో ఈటీవీలో ఆరంభమైన ‘పాడుతా తీయగా’. ఆ పేరు 1964 నాటి ‘మూగమనసులు’ చిత్రములోని పాట నుండి గ్రహింపబడినది. దానిని నడపినవారు శ్రీపతి పండితారాధ్యుల బాలసుబ్రహ్మణ్యముగారు. 2020 సెప్టెంబరు 25వ తేదీన వారు మనలను విడిచిపోవు వరకు ఆ వేదికయు వారును వేరువేరని తెలుగువారు తలంపలేదు. పిదప వారి కుమారుడు చరణ్ ఆ బాధ్యతను తలకెత్తుకొనెను. పేరు నిలిచినది. ఆనాటి పద్ధతి నిలిచినదా యనునదే ప్రశ్న.

ఆ పద్ధతి యెట్టిదో చెప్పుట అవసరము. నేటి చిన్నవారిలో దానిని ఎరుగనివారు పెరుగుచున్నారు. పిల్లవాడు పాట ముగించినంతనే బాలసుబ్రహ్మణ్యముగారు మార్కు చెప్పెడివారు కారు. ముందు ఆ పాట వ్రాసిన కవి యెవరో, స్వరపరచినవారెవరో, కథలో ఏ ఘట్టమున ఆ పాట వచ్చునో చెప్పెడివారు. తరువాత చరణములో ఏ పదము వద్ద ఊపిరి తీసికొనుట తప్పో, తీసికొనుటచే ఆ పదము రెండు ముక్కలై అర్థము ఎట్లు చెడినదో తాము పాడి చూపెడివారు. తప్పు చెప్పునప్పుడు ‘నాన్నా’ యనియు ‘అమ్మా’ యనియు పిలిచి చెప్పెడివారు. కాని తప్పును ఒప్పని చెప్పెడివారు కారు. ఒక్కొక్కమారు ముచ్చటలు సాగి పాటకంటె మాట పొడవైనదని విసుగుకొన్నవారును కలరు. మేమును ఒకటి రెండుసార్లు విసుగుకొన్నవారమే. ఇప్పుడు తలచుకొన్నచో, ఆ ముచ్చటలలోనే మన చిత్రసంగీత చరిత్ర సగము మనకు తెలిసినదని ఒప్పుకొనక తప్పదు.

వారు స్వయముగా పోటీల బిడ్డ. మద్రాసులో జరిగిన ఔత్సాహిక గాయకుల పోటీలో ఎస్. పి. కోదండపాణిగారి చెవినబడి, ఆయన సంగీతముననే ‘శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న’ చిత్రమునకు 1966లో మొదటి పాట పాడిరి. అంతకు ముందొక పోటీలో తమకు రెండవ బహుమతి రాగా, సభకు వచ్చిన ఎస్. జానకిగారు మొదటి బహుమతి ఈ బాలునికే రావలసినదని బహిరంగముగా చెప్పిన సంగతిని వారు కృతజ్ఞతతో పలుమారులు స్మరించుకొనెడివారు. ఆ జానకిగారు సైతము 1956లో ఆకాశవాణి పోటీలో ద్వితీయ బహుమతి పొందినవారే! రెండవ బహుమతి పొందినవారిరువురు దక్షిణ దేశపు పాటను దశాబ్దములపాటు ఏలిరి. ఆనాటి ప్రథమ బహుమతులు ఎవరెవరివో మన పాఠకులలో ఎందరు చెప్పగలరు? పోటీ ఫలమునకు ఉన్న విలువ అంతమాత్రమే. పోటీలో వినవచ్చిన సద్విమర్శకు ఉన్న విలువ జీవితకాలపుది.

ఇక నేటి పోటీదారుల గానమును గూర్చి మా అభిప్రాయమును దాపరికము లేక చెప్పుదుము. గొంతులు మంచివి. మునుపటికంటె శిక్షణ అధికముగా నున్నది. తాళము తప్పువారు తక్కువ. ఇది సంతోషింపదగిన విషయము. ఐనను మూడు దోషములు వేదికనుండి వేదికకు అంటువ్యాధివలె పాకుచున్నవి.

మొదటిది పాట నెంచుకొనుటలోనిది. పోటీ యనగానే ‘శివశంకరీ’ కావలయును. 1961 నాటి ‘జగదేకవీరుని కథ’ కొరకు పింగళివారు వ్రాయగా, పెండ్యాలవారు దర్బారీ కానడలో కట్టగా, ఘంటసాలవారు పాడిన ఆ పాట మహత్తరమైనదనుటకు సందేహమెవరికి? కాని ఆ రాగమునకు ప్రాణము మంద్రస్థాయిలో నున్నది. దాని గాంధారము నిలకడగా ఊగవలెను. మన పోటీదారులు ఆ మొదటి భాగమును వాకిలివలె దాటి, చివర వచ్చు స్వరముల పరుగునకై ఆత్రపడుదురు. ఇటీవల మేము విన్న ఒక యువకుడు స్వరముల నన్నింటిని తప్పులేక వల్లించెను. సభ లేచి నిలిచెను. అతడు పాడినంతసేపు రాగము మాత్రము మాకు కనబడలేదు. అదే నాడు ఒక చిన్నది, పదునారేండ్లుండునేమో, ‘విప్రనారాయణ’ నుండి ఏ. ఎం. రాజాగారి పాటనొకదానిని ఎత్తుకొనెను. అందు అరుపు లేదు, మెరుపు లేదు. గొంతు ఎత్తవలసిన చోటులేని పాటలో భావము నిలుపుట కత్తిమీది సాము. ఆ చిన్నది రెండవ చరణమున ఒక్క సంగతి జారవిడిచినను పాటను చివరివరకు తన శ్వాసలో మోసినది. తీర్పరులు ‘బాగున్నది, ఇంకను ఎనర్జీ కావలె’ననిరి. రాజేశ్వరరావుగారి బాణీకి ఎనర్జీ యెక్కడినుండి తెచ్చుట! ఆ మాటతో ఆ పిల్ల మరుసటి వారము ఏ పాట ఎంచుకొనునో ఊహించుట కష్టము కాదు.

ఈ జాడ్యము క్రొత్తది కాదు. పద్యనాటకములు చూచినవారికి దీని చరిత్ర తెలియును. తిరుపతి వేంకటకవుల ఉద్యోగపర్వమున రాయబారము నడుచుచుండగా, పద్యము చివర నటుడు రాగమందుకొని, హార్మోనియము వానితో పందెము వేసికొని, ‘వన్స్ మోర్’ కేకలు లేచువరకు దించెడివాడు కాడు. కృష్ణుడు వచ్చిన పని మరచెడివాడు, సభ యుద్ధమును మరచెడిది. తెల్లవారి ప్రేక్షకుడు రాగము ఎంతసేపు సాగినదో చెప్పగలిగెడివాడేగాని పద్యమేమో చెప్పజాలడు. ఆ కేకలే నేడు వేదిక మీది బల్లనొక్కులై, రంగు కాగితముల వానయై మరల వచ్చినవి.

రెండవ దోషము ఉచ్చారణము. దీనిని గూర్చి మేము కొంత విస్తరింపక తప్పదు. ఏలయన ఇది ఒక్క పాటతో పోవునది కాదు. మన భాషలో చకారములు రెండు, జకారములు రెండు కలవు. ‘చుక్క’లోని చకారము వేరు, ‘చంద్రుడు’లోనిది వేరు. ‘జోల’లోని జకారమును ‘జలము’లోని జకారమువలె పలికినచో తల్లి పాడినట్లుండదు, పాఠము చదివినట్లుండును. ‘కళ’ అనవలసినచోట ‘కల’ యన్నచో విద్య స్వప్నమగును. ‘శరము’ ‘సరము’గా మారినచో బాణము దండయై మెడలో పడును. నేటి బాలబాలికలలో అనేకులు పాటను తెలుగు లిపిలో వ్రాసికొనుట లేదు. ఇంగ్లీషు అక్షరములలో వ్రాసికొని ఫోను చూచి నేర్చుచున్నారు. ఆ లిపిలో ‘న’కును ‘ణ’కును భేదమేది? ‘ల’కును ‘ళ’కును గీత యేది? విదేశములలో పుట్టిన తెలుగు బిడ్డలయెడ ఇది క్షమింపదగినది. ‘పాడుతా తీయగా’ అమెరికాలో జరిగినప్పుడు అక్కడి బిడ్డలు పడిన శ్రమ చూచి మేము ముచ్చటపడితిమి. గుంటూరులో పుట్టి, విజయవాడలో చదువుచు, ళకారము నోట పలుకనివారిని ఏమందుము? ఉత్తరాదినుండి వచ్చి తెలుగు పాటలు పాడినవారి పలుకును మనము ఏండ్ల తరబడి మన్నించితిమి. ఆ మన్ననయే అలవాటై మన పిల్లలకు సోకినదేమో! దీనికి ప్రతిగా ఒక ఉదాహరణము చెప్పవలసియున్నది. మన శ్రీరామచంద్ర 2010లో ‘ఇండియన్ ఐడల్’ విజేత యైనప్పుడు అతడు పాడినవి హిందీ పాటలు. పరభాషకు మనవాడు చూపిన శ్రద్ధను స్వభాషకు మనవారే చూపనిచో అది చిన్నతనము కాదా?

మూడవ దోషము అనుకరణము. ఘంటసాలవారి పాట పాడునప్పుడు గొంతు బరువు చేసికొనుట, జానకిగారి పాటకు గొంతు సన్నము చేసికొనుట. మొదట కొన్నినాళ్లు గురువు అడుగుజాడలలో నడుచుట అందరికిని తప్పదు. కాని తీర్పరులు ‘అచ్చము ఆయనవలెనే యున్నది’ అని మెచ్చుటతో ఆ అడుగుజాడయే గోతియగుచున్నది. దీనిని గూర్చి ఇంతే చాలును.

ఇక తీర్పరుల మాట. 2021 మే నెలలో జరిగిన యొక ఉదంతము మన పాఠకులకు జ్ఞాపకముండవచ్చును. కిశోర్ కుమార్ పాటలతో నడపిన ‘ఇండియన్ ఐడల్’ ప్రత్యేక సంచికకు ఆయన కుమారుడు అమిత్ కుమార్ అతిథిగా వెళ్లెను. పిమ్మట ఆయన, అందరిని మెచ్చుకొనవలసినదని తమకు ముందే చెప్పబడినదనియు, తమకు ఆ సంచిక రుచింపలేదనియు బాహాటముగా పలికెను. ఆ మాటపై దేశమంతట చర్చ జరిగినది. మాకు ఆశ్చర్యము కలిగించినది మెచ్చుకొనుమని చెప్పుట కాదు. ఆ సంగతిని చెప్పుటకు కొందరికి మాత్రమే నోరు వచ్చుట. ప్రతి పాటకు లేచి నిలుచు తీర్పరి, ప్రతి పిల్లను లతా మంగేష్కరుతో పోల్చు తీర్పరి, ఆ బిడ్డకు మేలు చేయుచున్నానని తలంచుచున్నాడు. ఆ బిడ్డ వేదిక దిగి సంగీత దర్శకుని గుమ్మము నెక్కిన నాడు ఆ పొగడ్తలకు విలువ యెంతయో తెలియును. నాడు ఓదార్చుటకు ఆ తీర్పరి యుండడు.

అదే పోటీలో మన విశాఖపట్టణపు బాలిక షణ్ముఖప్రియ తుది ఆరుగురిలో నిలిచినది. పాత పాటలలో యోడలింగును, క్రొత్త పోకడలను చొప్పించుచున్నదని ఆమెపై సామాజిక మాధ్యమములలో నిందల వర్షము కురిసినది. మా మాట యేమనగా, ఆ విద్య కష్టసాధ్యమైనది. కిశోర్ కుమార్‌కే అది అలంకారము. కాని ప్రతి పాటకు అదే అలంకారము పెట్టినచో పాట ముఖము కనబడదు. ఈ ఒక్క వాక్యముతో విమర్శ ముగియవలసినది. దానికి మారుగా పదునెనిమిదేండ్ల పిల్ల రూపమును, నడతను, కన్నవారిని తూలనాడుట సంగీత విమర్శ యని ఎవ్వరు చెప్పిరి? మన వీధిసభలు సైతము ఈ హద్దును మీరుచుండుట విచారకరము.

ఓట్లను గూర్చి వ్రాయునప్పుడు మా తప్పును మేము ముందు ఒప్పుకొనవలెను. 2006లో కారుణ్య రెండవ స్థానమున ఆగినప్పుడు తెలుగువానికి అన్యాయము జరిగినదని మేమును బాధపడితిమి. 2017లో రేవంత్ గెలిచినప్పుడు పొంగిపోతిమి. సందీప్ ఆచార్య ఆనాడు కారుణ్యకంటె బాగుగా పాడెనా లేదా యని మేము నిదానించి విన్నవారము కాము. జాత్యభిమానము మంచి గుణమే. స్వరాష్ట్రపు బిడ్డ దూరదేశమున పాడుచుండగా పొంగని గుండె గుండె కాదు. ఐనను ఆ అభిమానమునకు శ్రుతిజ్ఞానము లేదు. పది ఫోనులున్న యింటికి పది చెవులున్నట్లు లెక్కించుట, జనసంఖ్య హెచ్చుగా గల రాష్ట్రమునకు రాగజ్ఞానము హెచ్చని చెప్పుటయే. ఓటు వలదని మేమనము. ప్రజాదరణమునకు వేరుగా ఒక బహుమతి పెట్టి, గానమునకు వేరుగా ఒక బహుమతి పెట్టినచో ఎవరికిని నష్టము లేదు.

2022లో తెలుగుననే ‘ఇండియన్ ఐడల్’ ఆరంభమై వాగ్దేవి మొదటి విజేతయైనది. మరుసటి యేట సౌజన్య భాగవతుల గెలిచినది. ఇరువురును స్త్రీలగుట మాకు ప్రత్యేకముగా సంతోషము. పాట పాడు పిల్లకు పెండ్లి కాదని భయపడిన తల్లిదండ్రుల కాలము మన పెద్దలకు తెలిసినదే.

2025లో తెలుగు పోటీ యొకదానిలో పాడిన యువగాయని, తీర్పరులు పక్షపాతము చూపిరని బహిరంగముగా ఆరోపించెను. సంబంధించినవారు దానిని త్రోసిపుచ్చిరి. ఏది సత్యమో తేల్చుటకు మేము న్యాయస్థానము కాము. ఆ వివాదము తేలికగా చల్లారుటకు వీలైన సాధనమొకటి ఉండెను. ప్రతి పాటకును ప్రతి తీర్పరి శ్రుతికెంత, లయకెంత, ఉచ్చారణమునకెంత, భావమునకెంత వేసెనో అంకెలలో అందరికి కనబడునట్లు ప్రకటించుట! పాఠశాలలో పదవ తరగతి బాలునికి ఏ విషయమున ఎన్ని మార్కులో చూపుచున్నారు గదా. జీవితమునే పణముగా పెట్టి వచ్చిన గాయకునికి మొత్తపు అంకెయో, ‘ఈ వారము నీవు వెళ్లుచున్నావు’ అను మాటయో మాత్రమే చాలునా? కారణము చెప్పని తీర్పు ఎంత నిష్పక్షపాతమైనను అనుమానమునకు తావిచ్చును. కారణము చెప్పిన తీర్పు పొరపాటైనను పాఠముగా నిలుచును.

పసిబిడ్డలను గూర్చి ఒక్క మాట. ఆరేడేండ్ల పిల్లచేత ప్రణయగీతము పాడించి, ఓడిన పిమ్మట ఆ కన్నీటిని దగ్గరగా చూపుట క్రౌర్యము. 2019 జూనులో కేంద్ర ప్రసార శాఖవారు పిల్లల నృత్య పోటీలను గూర్చి ప్రైవేటు చానళ్లకు హెచ్చరిక పంపిరి. వయసుకు తగని చేష్టలు చేయింపవలదనిరి. పాటల పోటీలకును ఆ మాట వర్తించును. పదమూడు పదునాలుగేండ్ల మగపిల్లల గొంతు మారుచుండును. ఆ కాలమున తారస్థాయిలో పాడించుట గొంతుకు అపాయము. తల్లిదండ్రులు బహుమతిని కాక ఆ గొంతును కాపాడుకొనుట నేర్వవలెను. తన గొంతు రెండేండ్లు విశ్రాంతి కోరుచున్నదని పిల్లవాడు చెప్పలేడు. గురువు చెప్పవలెను.

యంత్రముల సంగతియు మిగిలియున్నది. జారిన స్వరమును సరిదిద్దు సాధనములు నేడు స్టూడియోలలో సామాన్యము. వేదికపై పాడిన పాటనే మనము వినుచున్నామో, పిదప దిద్దిన పాటను వినుచున్నామో ఇంట కూర్చుండినవానికి తెలియదు. నిర్మాతలు ప్రసారమునకు ముందు ఒక వాక్యము తెరపై వేసిన చాలును: గొంతు దిద్దబడినది, లేక దిద్దబడలేదు. దిద్దిన పాటకు మార్కు వేయుమని ప్రజలనడుగుట, రంగు వేసిన బంగారమును గీటురాయిపై పెట్టుమనుట.

మన పఠన మందిరములవారికి మేమొక సూచన చేయుచున్నాము. అనేక గ్రంథాలయములలో టెలివిజను పెట్టె కలదు. సాయంకాలము పదిమంది చేరుచునే యున్నారు. రాబోవు పోటీనాడు పాట ఆరంభమగునప్పుడు తెరపై ఒక గుడ్డ వేయుడు. గాయకుని దుస్తులు, ఇంటి కథ, కన్నీరు ఏమియు కనబడరాదు. పాట ముగిసి తీర్పరులు నోరు విప్పకముందే ధ్వని తగ్గించి, ఒక్కొక్కరు ఒక్కొక్క చీటిపై శ్రుతి, లయ, పలుకు, భావములకు వేరువేరుగా మార్కులు వేసి, కారణము ఒక్క పంక్తిలో వ్రాయుడు. ఊరిలో సంగీతము నేర్పు మాష్టరుగారో, నాదస్వర విద్వాంసులో ఉన్నచో వారిని పిలిచి పక్కన కూర్చుండబెట్టుకొనుడు. తరువాత గుడ్డ తీసి తీర్పరుల మాట వినుడు. నాలుగు వారములు ఇట్లు చేసి ఆ చీటీలను మాకు పంపినచో, మీ తీర్పును వారి తీర్పును ప్రక్కప్రక్కను పెట్టి ఈ పుటలోనే ప్రకటింతుము.